సమర్రా పెంకుల సాక్ష్యము

ఇస్లాం ప్రపంచపు మట్టిపాత్రల చరిత్రను గురించిన గ్రంథము ఏది తెరచినను మొదటి పుటలలోనే సమర్రా అను ఊరి పేరు కనబడును. ఇరాకు దేశములో, బాగ్దాదుకు ఉత్తరముగా సుమారు 125 కిలోమీటర్ల దూరమున, టైగ్రిస్ నది తూర్పు ఒడ్డున ఉన్నది ఈ ఊరు. తెల్లని గాజుపూత మీద నీలిరంగు చిత్రణ గల గిన్నెలు, బంగారమువలె తళతళలాడు లోహపు మెరుగు గల పళ్లెములు, ఆకుపచ్చ రంగు చారలుగా కారినట్లున్న పాత్రలు - వీటి పక్కన "సమర్రా తరహా, 9వ శతాబ్దము" అను చీటీ మ్యూజియములలో చాలకాలము ఉండినది. ఆ చీటీలోని ఊరి పేరును, శతాబ్దమును ఎంతవరకు నమ్మవచ్చునో పరిశీలించుట అవసరము. ఏలయనగా తూర్పు ఆఫ్రికా తీరమునుండి సింహళము వరకు ఎన్నో రేవుపట్టణముల వయస్సును పండితులు ఈ పెంకులను చూచియే లెక్కకట్టిరి. మేకు కదలినచో దానికి తగిలించినవన్నియు కదలును.

సమర్రాకు ఇంతటి పలుకుబడి కలుగుటకు కారణము దాని విచిత్రమైన చరిత్ర. 836లో అబ్బాసీ ఖలీఫా ముతసిమ్ బాగ్దాదును విడిచి ఇక్కడ కొత్త రాజధానిని కట్టించెను. ఆయన చేర్చుకొన్న తురుష్క సైనికులకును బాగ్దాదు పౌరులకును పొసగకపోవుట అందుకు ముఖ్య కారణము. ఎనిమిదిమంది ఖలీఫాలు అక్కడ ఏలిన పిమ్మట 892లో రాజధాని తిరిగి బాగ్దాదుకు మారినది. అనగా సమర్రా రాజవైభవము 56 సంవత్సరములు మాత్రమే. ఆ కొద్ది కాలములో కట్టిన భవనముల శిథిలములు నది వెంబడి 40 కిలోమీటర్లకు పైగా వ్యాపించియున్నవి. శంఖమువలె మెలికలు తిరిగి పైకి లేచిన 52 మీటర్ల మీనారు నేటికిని నిలిచి, చూచువారికి ఆ ఐశ్వర్యమును గుర్తుచేయుచున్నది.

1911 నుండి 1913 వరకు ఫ్రీడ్రిక్ జారె, ఎర్నెస్ట్ హెర్జ్‌ఫెల్డ్ అను జర్మను పండితులు ఇక్కడ త్రవ్వకములు జరిపించిరి. జారె నాయకుడు, నేలమీద నిలిచి పని చేయించినవాడు హెర్జ్‌ఫెల్డ్. ఇస్లాం యుగపు నగరమొకదానిని ఇంత విస్తారముగా త్రవ్వి చూచుట అంతకుముందు లేదు. దొరకిన పాత్రలను వర్ణించుచు జారె 1925లో జర్మను భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథపు విలువ తక్కువది కాదు. అందమైన గిన్నెలతోపాటు పూతలేని నీటికూజాలను సైతము ఆయన లెక్కలోనికి తీసికొనెను. చైనా దేశపు పాత్రల పెంకులను గుర్తించి, టాంగ్ వంశపు కాలముననే ఆ దేశపు సరకు పశ్చిమాసియాకు చేరినదని నిరూపించెను. ఈ సంగతిని నేటివరకు ఎవరును కాదనలేదు.

తప్పు వేరొకచోట నున్నది. రాజధాని 56 సంవత్సరములే ఉన్నది. కావున అక్కడ దొరకిన పాత్రలన్నియు ఆ 56 సంవత్సరములలోనివే అని నిర్ణయించిరి. వినుటకు ఇది లెక్కల పుస్తకములోని సిద్ధాంతమువలె సుఖముగా నుండును. కాని రాజు వెడలిపోయినంతమాత్రమున ఊరు వెడలిపోదు. పది, పదునొకండవ షియా ఇమాములు 868, 874 సంవత్సరములలో సమర్రాలో మరణించి అక్కడనే సమాధి చేయబడిరి. వారి సమాధుల చుట్టును యాత్రికులు, వర్తకులు, గృహస్థులు నిలిచిపోయిరి. రాజధాని మారిన తరువాత కూడ, 10వ శతాబ్దములో, ఆ ఊరి పేరుతో నాణెములు ముద్రింపబడుచునే ఉండినవి. నేటికిని అది జనముతో నిండిన పట్టణము. పాడుపడిన కోటలోనికి నూరేండ్ల తరువాత గొల్లలు మందలను తోలుకొనివచ్చి, వంట చేసికొని, పగిలిన పిడతను అక్కడనే పారవేసిపోయిరనుకొందురు గాక. ఆ పిడత కోటను కట్టించిన రాజుగారిది కాజాలదు గదా!

త్రవ్వకపు పద్ధతి రెండవ చిక్కు. ఆనాటివారికి రాజభవనముల నిర్మాణము, గోడలమీది గచ్చు శిల్పము ముఖ్యము. గోడను పట్టుకొని దాని వెంబడి మట్టిని తొలగించుకొనిపోయిరి. ఏ పెంకు ఏ పొరలో, ఏ నేలకు పైన లేక క్రింద దొరకినదో విడివిడిగా గుర్తింపలేదు. ఆ కాలమున అట్టి జాగ్రత్త చాలచోట్ల లేకుండెను గనుక హెర్జ్‌ఫెల్డును మాత్రమే నిందించుట న్యాయము కాదు. పైగా మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి, సర్దియుంచిన పెట్టెలు సమర్రాలోనే చిక్కుకొనిపోయినవి. యుద్ధానంతరము అవి లండను చేరి, 1920 తరువాత కొద్ది సంవత్సరములకే పలుదేశముల మ్యూజియములకు పంచబడినవి. పెంకు ఒకచోట, దానిని గురించిన వ్రాతపుస్తకము వేరొకచోట అయినవి. పొర తెలియని పెంకు, పుట సంఖ్య లేని చినిగిన కాగితము వంటిది. దానిమీది మాటలు చదువవచ్చును గాని కథలో ఎక్కడివో చెప్పలేము.

అయితే జారె చేసిన పొరపాటుకంటె ఆయన వెనుక వచ్చినవారు చేసినదే పెద్దది. ఆయన ఊహను వారు కొలబద్దగా మార్చిరి. లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియము అధికారి ఆర్థర్ లేన్ 1947లో ప్రకటించిన తొలి ఇస్లాం మృణ్మయ పాత్రల గ్రంథము ఈ కాలక్రమమును ఇంగ్లీషు చదువరులందరికిని చేర్చినది. లేన్ చక్కని రచయిత. చక్కగా వ్రాసిన పొరపాటు ఎక్కువ దూరము ప్రయాణము చేయును. తరువాత ఏ రేవు త్రవ్వినను, తెల్లపూత పెంకు కనబడగానే "సమర్రాలో ఇట్టిది దొరకినది, కావున ఇది 9వ శతాబ్దము" అని వ్రాయుట అలవాటైనది. పిమ్మట ఆ రేవులన్నియు 9వ శతాబ్దమునకు చెందినవని చూపి, ఆ శతాబ్దమున వర్తకము హఠాత్తుగా పెరిగినదని చరిత్రకారులు సిద్ధాంతము చేసిరి. ఆ వర్తకమును చూపి సమర్రా పాత్రల కాలము సరియైనదేనని మరల తృప్తిపడిరి. గానుగెద్దు ఎంత నడచినను ఊరు దాటదు. ఈ వాదమును అట్టిదే.

దీనికి మందు పొరలను చదువుటయే. ఇరాను దక్షిణ తీరమున, పర్షియా సింధుశాఖ ఒడ్డున సిరాఫ్ అను పాత రేవు ఉన్నది. 1966 నుండి 1973 వరకు డేవిడ్ వైట్‌హౌస్ అక్కడ త్రవ్వించెను. సిరాఫులోని పెద్ద మసీదును ఎత్తయిన అరుగుమీద కట్టిరి. అరుగు లోపలిభాగమును చెత్తతోను మట్టితోను నింపి, పైన నేల పరచిరి. ఆ నింపుడు మట్టిలో 803-804 నాటి నాణెము దొరకినది. ఇచ్చట విద్యార్థులు ఒక మెలకువ గమనింపవలెను. ఆ నాణెము మసీదు 803లో కట్టబడినదని చెప్పదు. అంతకుముందు కట్టియుండలేదని మాత్రమే చెప్పును. ఏలయనగా ముద్రింపబడని నాణెము మట్టిలో పడజాలదు. నాణెము ఎంతకాలము చేతులు మారి పిమ్మట పడినదో ఊహించుకొనవలసినదే. ఇక నేల పరచిన తరువాత ఏ వస్తువును దాని క్రిందికి చేరదు గనుక, మట్టిలోని పెంకులన్నియు మసీదు కట్టుటకు ముందటివి. నాణెము ఒక హద్దును, నేల వేరొక హద్దును చూపుచున్నవి. ఆ మట్టిలో చైనా దేశపు గట్టి జాడీల పెంకులు కలవు. సమర్రా పుట్టుటకు ముందే చైనా సరకు ఈ తీరమునకు వచ్చుచున్నట్లు పొరలే చెప్పినవి. ఏ రాజవంశ చరిత్రతోను పని లేకపోయినది.

1994లో అలస్టెయిర్ నార్తెడ్జ్, డెరిక్ కెన్నెట్ అను పురాతత్త్వవేత్తలు సమర్రా సాక్ష్యమునంతటిని తిరిగి విచారణకు పెట్టిరి. నార్తెడ్జ్ ఆ శిథిలములను అనేక సంవత్సరములు కాలినడకన తిరిగి కొలిచినవాడు. కెన్నెట్ అరేబియా తీరమున రాస్ అల్ ఖైమాలోని కుష్ అను దిబ్బలో, ససానీయుల కాలమునుండి మధ్యయుగము వరకు వరుసగా పేరుకొన్న పొరలలోని పెంకులను లెక్కించి 2004లో ప్రకటించెను. ఆ లెక్కలో ప్రతి పెంకుకును చోటు కలదు. అందమైనదని ఒకటి ఎన్నుకొని, వికారమైనదని ఒకటి పారవేయలేదు. జారె గ్రంథములోని రంగుల పటములంత మనోహరముగా కెన్నెట్ పట్టికలు ఉండవన్న మాట నిజమే. కాలనిర్ణయమునకు మాత్రము ఆ పట్టికలే పనికివచ్చును.

ఇక ఆ తెల్లని గిన్నె సంగతి. పాఠ్యపుస్తకములలో కనబడు కథ ఇట్లుండును: హారూన్ అల్ రషీదు (పాలన 786-809) కాలమున ఖురాసాను అధిపతి ఆయనకు చైనా చక్రవర్తుల కొలువుకు తగిన 20 పింగాణి పాత్రలను కానుకగా పంపెను, వాటిని చూచి ఇరాకు కుమ్మరులు మోహపడి, పింగాణి మట్టి లేకపోవుటచే తెల్లపూతతో అనుకరించిరి. కానుక సంగతి పారసీక చరిత్రకారుడు బైహకీ వ్రాసినది. ఆయన 11వ శతాబ్దము మధ్యవాడు, హారూను పోయి అప్పటికి సుమారు 250 ఏండ్లు. ఖలీఫా కొలువులోని 20 పాత్రలు బస్రా కుమ్మరి కంటబడినవని చెప్పుటకు ఆ కథలో ఆధారమేదియు లేదు.

తెల్లపూత ఎట్లు ఏర్పడునో తెలిసికొన్నచో ఈ కథ ఎక్కడ బలహీనమో తెలియును. గాజుపూత అనగా ఇసుకను సీసముతోనో క్షారముతోనో కరగించి పాత్రకు తొడిగిన పలుచని గాజు పొర. మన ఊరగాయ జాడీమీద నిగనిగలాడునది ఇటువంటి పొరయే. సాధారణముగా అది పారదర్శకము. క్రింది మట్టిరంగు పైకి కనబడును. బస్రా మట్టి కాలినపుడు పసుపుపచ్చగా మారును. ఆ పూతలో తగరపు ఆక్సైడును కలిపినచో, అది పూర్తిగా కరగక సన్నని స్ఫటికములుగా పూతయంతటను నిలిచిపోవును. వాటిమీద పడిన వెలుతురు నలుదిక్కులకు చెదరి వెనుకకు వచ్చుటచే పూత పాలవలె తెల్లగా కనబడి మట్టిరంగును దాచును. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయువారు వాడు తగరమే ఇక్కడను పని చేయుచున్నది. చైనా పింగాణి తెలుపు వేరు. అచ్చట మట్టియే తెల్లనిది, 1200 డిగ్రీలకు మించిన వేడిలో గట్టిపడినది. బస్రా గిన్నె లోపల పచ్చన, పైన తెలుపు. అంచు పెచ్చు లేచినచో గుట్టు బయటపడును.

కొన్ని బస్రా గిన్నెల ఆకారము, పొట్టిగా వెడల్పుగా నున్న అడుగు, చైనా గిన్నెలను చూచి చేసినవే అనుటలో సందేహము లేదు. కాని తగరపు పూత అను విద్య అందుకొరకే పుట్టినదా? 1997లో రాబర్ట్ మేసన్, మైకేల్ టైట్ అను శాస్త్రజ్ఞులు పాత్రల పూతలను విశ్లేషించి ఈ విద్య 8వ శతాబ్దమున బస్రాలో మొదలైనదనిరి. 2015లోను 2018లోను టైట్, ఆలివర్ వాట్సన్, మూజాన్ మతీన్ మొదలగువారు మరింత వెనుకకు పోయిరి. 8వ శతాబ్దపు ఈజిప్టు, సిరియా ప్రాంతముల పసుపు, ఆకుపచ్చ పూతలలో తగరపు సమ్మేళనములు కలవనియు, ఆ నేర్పు అంతకుముందటి గాజు పరిశ్రమనుండి వచ్చినదనియు వారు చూపిరి. పసుపు గిన్నె చేయువాడు చైనా తెలుపును అనుకరించుచున్నాడనుట కుదరదు. విద్య ముందే చేతిలో ఉన్నది. తెల్లని గిన్నెకు అంగడిలో గిరాకి ఏర్పడినపుడు కుమ్మరి దానిని ఆ పనికి వాడెను. "ఇరాకు కుమ్మరులు చైనాను అనుకరించి తెల్లపూతను కనిపెట్టిరి" అను వాక్యములో అనుకరించుట కొంత నిజము, కనిపెట్టుట తప్పు. రెంటిని ఒకే వాక్యములో కట్టివేయుట వలన ఒక జాతి పనివాండ్ర తెలివి మరియొకరి నీడగా మిగిలిపోయినది.

నీడ ఎటువైపు పడినదో నిశ్చయించుట కూడ అంత సులభము కాదు. 1998లో ఇండొనీషియాలోని బెలితుంగ్ దీవి సమీపమున మునిగిన ఓడ ఒకటి కనుగొనబడినది. పలకలను త్రాళ్లతో కుట్టి కట్టిన పశ్చిమ సముద్రపు ఓడ అది. అందులో సుమారు 60,000 చైనా పాత్రలుండినవి. అత్యధిక భాగము హునాన్ రాష్ట్రములోని చాంగ్షా ఆవములలో కాలినవి. ఒక చాంగ్షా గిన్నెమీద 826వ సంవత్సరమునకు సరియగు తేదీ చెక్కియున్నది. సరకులో తెలుపుమీద నీలము చిత్రించిన చైనా పళ్లెములు మూడు, చెక్కుచెదరనివి, దొరకినవి. వాటిమీద చతుర్భుజము చుట్టును ఆకులు అల్లిన చిత్రము చైనా గిరాకికి చేసినది కాదు; పడమటి కొనుగోలుదారుల అభిరుచికి తగినది. అనగా బస్రా కుమ్మరి చైనా గిన్నెను చూచుచుండగా, చైనా కుమ్మరి బస్రా అంగడిని చూచుచున్నాడు. ఈ ఓడ సాక్ష్యము ఎంత విలువైనదైనను, దానిని పైకి తీసినది లాభాపేక్షగల సంస్థ. పురాతత్త్వ మర్యాదలు పాటింపలేదను అభ్యంతరము వలన 2011లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ తాను తలపెట్టిన ప్రదర్శనను విరమించుకొన్నది. ఆ అభ్యంతరము న్యాయమైనదే. సరకు ఓడలో ఏ వరుసలో పేర్చబడినదో జాగ్రత్తగా గుర్తించియుండినచో, ఏ రేవులో ఏది ఎక్కించిరో చదువుటకు వీలుండెడిది.

లోహపు మెరుగును గురించిన కథను కూడ ఇచ్చట ముట్టుకొనవలెను. బంగారు వెండి పాత్రలలో తినుట మతము నిషేధించినది గనుక, బంగారమువలె కనబడు మట్టిపాత్రలను కల్పించిరని చాల పుస్తకములు వ్రాయును. నిషేధమున్న మాట నిజము. ఖలీఫాల కొలువులో బంగారు వెండి పాత్రలు వాడిన మాటయు అంతే నిజము. ఇంతకు ఈ విద్య మట్టిపాత్రలమీద పుట్టనేలేదు. 1965లో ఈజిప్టులోని ఫుస్తాతు త్రవ్వకములలో లోహపు మెరుగు చిత్రించిన గాజుపాత్ర ఒకటి దొరకినది. దానిమీద 773లో కొలదికాలము అక్కడ పరిపాలించిన అబ్దుల్ సమద్ అను అధికారి పేరు ఉన్నది. ఇదియు సమర్రాకు 60 ఏండ్లు ముందటిది. గాజు పనివాని నేర్పును కుమ్మరి ఎరవు తెచ్చుకొనెను. వెండి, రాగి సమ్మేళనములను కావిమట్టితోను సిరకాతోను కలిపి, ఇదివరకే కాలిన పూతమీద చిత్రించి, 600 డిగ్రీల ప్రాంతపు వేడిలో పొగమూసిన ఆవమున మరల కాల్చవలెను. పొగ ప్రాణవాయువును లాగికొనుటచే లోహము అతిసూక్ష్మమైన రేణువులుగా విడివడి పూత పైపొరలో నిలుచును. వేడి కొంచెము ఎక్కువైనను, పొగ తగ్గినను పాత్ర చెడిపోవును. ఇంత కష్టమైన పని కేవలము మతపు అడ్డంకిని తప్పించుకొనుటకు పెట్టుకొన్నారనుట కుమ్మరి ఆనందమును ఎరుగని పండితుని ఊహ. ట్యునీసియాలోని కైరవాన్ పెద్ద మసీదు మిహ్రాబు చుట్టును ఈ మెరుగు గల పలకలను 9వ శతాబ్దము మధ్యలో అమర్చిరి. ప్రార్థనాలయపు గోడమీది పలకలో ఎవరును అన్నము తినరు.

ప్రయోగశాల ఈ చిక్కులన్నిటిని తీర్చునని ఆశించువారికి ఒక హెచ్చరిక అవసరము. మేసన్ మొదలగువారు పెంకును కాగితమంతకంటె పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచి, మట్టిలోని ఖనిజములనుబట్టి అది బస్రా ప్రాంతపు మట్టి అని చెప్పగలిగిరి. దీనితో "సమర్రా పాత్ర" అను పేరు ఇంకను చెడినది. సమర్రా వాడుకొన్న ఊరే గాని చేసిన ఊరు కాదు. అయితే సూక్ష్మదర్శిని ఊరిని చెప్పును, సంవత్సరమును చెప్పదు. టైట్, మేసన్‌ల 8వ శతాబ్దము కూడ చివరకు త్రవ్వకపు పొరలమీదనే ఆధారపడినది. పొర తప్పయినచో ఎంత ఖచ్చితమైన విశ్లేషణయైనను తప్పు సంవత్సరమునకే అతుకబడును.

ఈ చర్చయంతటిలోను పరాకున బడినది ముతక పాత్ర. ఏ త్రవ్వకములోనైనను నూటికి అత్యధిక భాగము పూతలేని కూజాలు, వంటకుండలు, సరకు మోయు పెద్ద జాడీలు. మ్యూజియము అద్దాల వెనుక వాటికి చోటు తక్కువ. నెమలిపింఛపు నీలి ఆకుపచ్చ కలసిన క్షారపు పూతగల పెద్ద జాడీలు ఇరాకులో ససానీయుల కాలమునుండి అబ్బాసీల కాలము వరకు పెద్ద మార్పు లేక తయారైనవి. తెల్లని గిన్నెలవలె వాటికొరకు ఎవరును వేలము పాడలేదు. నూనెయో ఖర్జూరపు పాకమో నింపుకొని అవి ఆఫ్రికా తీరమునకు, గుజరాతులోని సంజాన్ రేవుకు, సింహళములోని మంతైకి పోయినవి. 1965లో చైనాలోని ఫుజో నగరము వద్ద 930లో మరణించిన లియు హువా అను రాచకుటుంబ స్త్రీ సమాధిని తెరచిరి. లోపల అట్టి నీలి జాడీలు మూడు నిలిచియుండెను. సమాధిలోని శాసనము మరణించిన సంవత్సరమును వ్రాసియుంచినది.